మట్టి సైనికులు, తలల్లేని బుద్ధులు, మా అత్తయ్య

చైనా వెళ్తున్నామనగానే చుట్టాలంతా షాంఘై, బీజింగ్ అన్నారు. అత్తయ్య మాత్రం, "హ్యూయాన్ త్సాంగ్ ఊరు చూపిస్తారా?" అని అడిగారు. ఆవిడ పుట్టి పెరిగింది అమరావతి పక్కన ధరణికోటలో. ధాన్యకటకానికి చైనా నుంచి ఒక యాత్రికుడు వచ్చాడని చిన్నప్పుడు బళ్లో మేష్టారు స్తూపం దిబ్బ దగ్గర నిలబెట్టి చెప్పేవారట. అందుకని పాత రాజధానులైన షీఆన్, లువోయాంగ్ మాత్రమే పెట్టుకున్నాం. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. మా ఆయన ఏదైనా తింటారు. నేను ఆ పూట ఆకలిని బట్టి ఎటో ఒకటు.

ఏప్రిల్ 10, షీఆన్ కోటగోడ

కోటగోడ చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. మింగ్ వంశం వాళ్లు 1370ల్లో కట్టించారు. ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పూ ఇంచుమించు అంతే. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కాం. టికెట్టు 54 యువాన్లు. యువాను మన పన్నెండు రూపాయలనుకుంటే ఆరొందల యాభై దాకా అయింది. పైన సైకిళ్లు అద్దెకిస్తారు. మొత్తం చుట్టొస్తానని బయల్దేరిన మా ఆయన పడమటి ద్వారం దగ్గరే సైకిల్ అప్పగించేసి ఫోన్ చేశారు. ఆ ఇటుకల ఎగుడుదిగుళ్ల మీద తొక్కితే ముందు నడుము, తర్వాత ఉత్సాహం పోతాయి.

వచ్చీ రాగానే ఆయన అన్న మాట, "ఇందులో మింగ్ గోడెంత, మునిసిపాలిటీ గోడెంత?" అని. 1983 నుంచి ఈ గోడకి పెద్ద ఎత్తున మరమ్మతులు చేశారు. కొన్నిచోట్ల ఇటుకలు ఎంత నున్నగా ఉన్నాయంటే, నిన్న బట్టీ నుంచి దించినట్టున్నాయి. ఆ ప్రశ్న ప్రయాణమంతా ఆయన్ని వదల్లేదు, ఆయన మమ్మల్ని వదల్లేదు.

గోడ దిగితే కందకం వెంబడి పార్కు. అక్కడ పెద్దవాళ్లు గుంపులుగా చేరి చిన్‌చియాంగ్ పాడుతున్నారు. అది ఆ ప్రాంతపు నాటకం పాట. గొంతు చించుకుని, మెడ నరాలు ఉబ్బేలా పాడతారు. పక్కన ఒకాయన తీగ వాయిద్యం వాయిస్తుంటే ఇంకొకాయన చెక్కలతో తాళం. మేం నిలబడి చూస్తుంటే ఒక ముసలావిడ తన మడతకుర్చీ తెచ్చి అత్తయ్యకి వేసింది. అత్తయ్య వద్దన్నకొద్దీ భుజం పట్టి కూర్చోబెట్టింది. తర్వాత అత్తయ్య చీర అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూసి ఏదో అడిగింది. "మంగళగిరి," అన్నారు అత్తయ్య, ప్రశ్న అర్థమైనట్టే. ఆవిడ తలూపింది. ఒకళ్ల భాష ఒకళ్లకి రాకపోయినా అరగంట సేపు మాట్లాడుకున్నారు. ఫోన్‌లో అనువాదం పెట్టబోతే అత్తయ్య నన్ను ఊరుకోమన్నారు.

మధ్యాహ్నం బియాంగ్‌బియాంగ్ నూడుల్స్. వంటవాడు పిండి ముద్దని రెండు చేతులా సాగదీసి బల్ల మీద ధబ్ ధబ్‌మని కొడుతూ బెల్టంత వెడల్పు పట్టీ చేస్తాడు. ఉడికించి గిన్నెలో వేసి పైన కారం, వెల్లుల్లి, ఉల్లికాడలు చల్లి సలసల కాగే నూనె పోస్తాడు. సుర్రుమన్న ఆ చప్పుడూ ఘాటూ అచ్చం మన తిరగమోతే. "మాంసం, గుడ్డు, చేప, పందికొవ్వు, ఏ జంతువు నూనే వద్దు" అని చైనా లిపిలో రాయించి ఫోన్‌లో దాచుకున్నాం. దుకాణం అమ్మాయి అది రెండుసార్లు చదివి, లోపలికి వెళ్లి నూనె డబ్బా ఎత్తి చూపించింది. గిన్నె 16 యువాన్లు. తిన్నాక నూడుల్స్ ఉడికించిన నీళ్లు ఉచితంగా ఇస్తారు, తాగితే అరుగుతుందని. మామూలు మంచినీళ్లు అడిగినా వేడివే వస్తాయి. ఈ ఒక్క అలవాటుకే అత్తయ్యకి చైనా నచ్చేసింది.

ఏప్రిల్ 11, మట్టి సైన్యం

మెట్రో దిగాక బస్సెక్కకుండా కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు మంచి హుషారుగా ఉన్నాడు. ఇరవై నిమిషాలకి ఒక పెద్ద గేటు ముందు ఆపాడు. లోపల వరసగా మట్టి బొమ్మలు, బయట టికెట్టు కౌంటరు, జనం మాత్రం లేరు. అనుమానమొచ్చింది. మ్యూజియం టికెట్లు ముందే పాస్‌పోర్టు నంబర్లతో తీసుకుని ఉన్నాం కాబట్టి ఫోన్‌లో అది చూపించి ఇక్కడికి కాదన్నాం. అతను ఏమాత్రం మొహమాటపడకుండా నవ్వి మళ్లీ కారెక్కించాడు. ఆ చుట్టుపక్కల నకలు బొమ్మల ప్రదర్శనలు పెట్టి యాత్రికుల్ని దింపడం ఒక వ్యాపారమని తర్వాత తెలిసింది. మా ఆయన వెనక్కి తిరిగి చూస్తూ, "అది కూడా బాగానే ఉందిగా," అన్నారు. ఎత్తిపొడుపే.

అసలు చోటికొస్తే, 1974 మార్చిలో వానల్లేక రైతులు బావి తవ్వుతుంటే, చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన ఈ మట్టి సైనికులు బయటపడిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ బావి తవ్విన చోటు ఒకటో నంబరు గుంటలో ఒక మూల బోర్డు పెట్టి చూపిస్తారు. గుంట పొడవు 230 మీటర్లు, వెడల్పు 62. పైన విమానాల షెడ్డంత కప్పు. మూడు గుంటల్లో కలిపి ఎనిమిది వేల బొమ్మల దాకా ఉంటాయని అంచనా, చాలామటుకు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. లోపలికి రాగానే ఎదురుగా ఉన్న కటకటాల దగ్గర జనం ఎంతలా ఎగబడతారంటే, ముందు ఫోన్లు కనిపిస్తాయి, ఆ తర్వాతే సైనికులు. అక్కడ ఆగకండి. పక్క నడవ పట్టుకుని చివరిదాకా పోతే బొమ్మలకి అతుకులు వేసే చోటు వస్తుంది. మాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా నచ్చింది అదే. కొందరు సైనికులకి తలల్లేవు, కొందరికి చేతుల్లేవు, నడుం చుట్టూ ప్లాస్టిక్ కవర్లు, మెడలో నంబరు చీట్లు. ముందు వరుసల్లో ఠీవిగా నిలబడ్డవాళ్లంతా ఒకప్పుడు ఇలా ముక్కలుగా దొరికినవాళ్లేనని ఇక్కడికొస్తే గాని తెలియదు. గుంటలు తగలబడి కప్పు కూలి, దాదాపు ఏ బొమ్మా సాంతంగా మిగల్లేదు.

ఒకప్పుడు ఒంటినిండా రంగులుండేవి. మట్టిలోంచి తీసి గాలి తగలగానే లక్క పూత ఎండి, రంగుతో సహా పొరలుగా లేచిపోయింది. తవ్వకాలు నిదానంగా సాగడానికి అదొక కారణం.

రెండో గుంట దగ్గర అద్దాల పెట్టెలో మోకాలు మడిచి కూర్చున్న విలుకాడు ఉన్నాడు. అందరూ ముందునుంచి ఫొటో తీసుకుని పోతున్నారు. అత్తయ్య వెనక్కి వెళ్లి వంగి, "అమ్మాయ్, వీడి చెప్పు చూడు," అని పిలిచారు. మడిచిన పాదం అడుగు పైకి కనిపిస్తోంది. చెప్పు అట్ట మీద దారం కుట్లు ఒక్కొక్కటే చిన్న చుక్కల్లా చెక్కారు. వేళ్ల దగ్గరా మడమ దగ్గరా కుట్లు దగ్గర దగ్గరగా, మధ్యలో ఎడంగా ఉన్నాయి. అరిగే చోటే కదా గట్టిగా కుట్టాలి. పాతిపెట్టే బొమ్మకి, ఎవరూ చూడని అరికాలికి ఇంత పని.

దీనంతటికీ కారకుడైన ఆ మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ పదమూడో ఏట గద్దెనెక్కి, క్రీ.పూ. 221లో దేశాన్ని ఒక్కటి చేసి, క్రీ.పూ. 210లో పోయాడు. అతని సమాధి దిబ్బ గుంటలకి కిలోమీటరున్నర దూరంలో ఉంది. దాన్ని తెరవలేదు. లోపల పాదరసంతో నదులు పారించారని ఆ తర్వాత నూరేళ్లకి చరిత్రకారుడు సిమా చియన్ రాశాడు. దిబ్బ మట్టిలో పాదరసం మామూలు కన్నా ఎక్కువుందని ఈ కాలపు పరీక్షల్లోనూ తేలింది. మ్యూజియం నుంచి అక్కడికి ఉచిత బస్సు ఉంది. చూడ్డానికి చెట్లున్న గుట్ట తప్ప ఏమీ లేదు కాబట్టి జనం తక్కువ. హాయిగా నీడలో కూర్చుని మేం తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పాం. అన్నం హోటల్ గదిలో చిన్న కుక్కర్‌లో వండింది, పులుసు గుంటూరు నుంచి వచ్చింది.

ఏప్రిల్ 12, రాళ్లు, మసీదు, రొట్టె ముక్కలు

శిలాఫలకాల మ్యూజియాన్ని అక్కడ రాళ్ల అడవి అంటారు. 1087 నుంచి రాళ్లు అక్కడ చేరుతూనే ఉన్నాయి. అందులో 837లో పూర్తయిన 114 పలకలున్నాయి, రెండు పక్కలా అక్షరాలే. కన్ఫ్యూషియస్ సంప్రదాయపు పన్నెండు గ్రంథాల్ని ఆరున్నర లక్షల అక్షరాల్లో చెక్కి పెట్టారు, నకళ్లు రాసుకునేవాళ్లు తప్పులు చేయకుండా ఉండటానికి. 1556 భూకంపంలో చాలా పలకలు విరిగాయి. ఆ విరుగుళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మా ఆయన ఇక్కడ నోరెత్తలేదు, రాయిలో ఏది పాతదో అడగక్కర్లేదు కాబట్టి.

ఇంకో పలక తాబేలు వీపు మీద నిలబడి ఉంది. 781 నాటిది. క్రైస్తవం 635లోనే చైనాకి చేరిందని చెప్పే పలక అది. పైన చిన్న శిలువ, కింద సిరియాక్ అనే పశ్చిమాసియా పాత లిపిలో కొన్ని వరుసలు. దాని ముందు గైడు జెండా పట్టుకుని మైకులో గట్టిగా చెబుతుంటే, ఆ గుంపు వెనక ఇంకో గుంపు, ఇంకో మైకు. చైనా మ్యూజియాల్లో చెవులు మూసుకుని కళ్లు తెరుచుకోవాలి.

సాయంత్రం ముస్లిముల పేట. వీధి మొదట్లో అంతా కేకలు, పొగ, గొర్రె మాంసం శీకులు, దానిమ్మ రసం. అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఐదు నిమిషాలు సందులు తిరిగితే పెద్ద మసీదు. అక్కడ గుమ్మటం లేదు, మినార్లూ లేవు. ఒకదాని వెనక ఒకటి పెంకుటిళ్ల ముంగిళ్లు, చెక్క తోరణాలు, మధ్యలో మూడంతస్తుల అష్టకోణపు మండపం. అజాన్ ఇవ్వడానికి కట్టింది అదే. పునాది 742 నాటిదని చెబుతారు, ఇప్పుడున్న కట్టడాలు మింగ్ కాలంలో 1392 నుంచి లేచినవి. తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు చీపురుతో రాలిన పూలు ఊడుస్తూ, అత్తయ్యని చూసి చేతులు ముడిచి పలకరించారు. బయట అంత గోల ఉందంటే అక్కడ నమ్మబుద్ధి కాదు.

రాత్రికి మా ఆయన పావ్‌మో తిన్నారు. పెద్ద ఖాళీ గిన్నె, గట్టి రొట్టెలు రెండు తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోతారు. రొట్టెని మనమే చేత్తో తుంచి సోయా గింజంత ముక్కలు చేయాలి. ఆ తర్వాతే గిన్నె వంటింట్లోకి పోయి, గొర్రె మాంసం పులుసుతో ఉడికి వస్తుంది. ఏ గిన్నె ఎవరిదో తెలియడానికి నంబరు చీటీ ఇస్తారు. మా ఆయన హడావిడిగా పెద్ద పెద్ద ముక్కలు తుంచేస్తుంటే పక్క బల్ల మీద ఒకాయన ఆగలేక లేచొచ్చి, గిన్నె తన వైపు లాక్కుని, ఒక ముక్కని వేళ్ల మధ్య నలిపి చూపించి, మళ్లీ మొదలుపెట్టమని సైగ చేశారు. ముప్పావు గంట పట్టింది. నిమ్మళంగా కబుర్లు చెప్పుకుంటూ తుంచడమే అక్కడి మర్యాద, తొందరపడేవాడు ఆ హోటల్‌కి రాకూడదు. తోడుగా తియ్యటి ఊరబెట్టిన వెల్లుల్లి. గిన్నె 38 యువాన్లు. అత్తయ్యకి ఆవిరి మీద ఉడికించిన బంక బియ్యం, ఖర్జూరం, చిక్కుడుగింజల పొరలున్న తీపి దొరికింది. రెండు పూటలా అదే తిన్నారు.

ఏప్రిల్ 13, హ్యూయాన్ త్సాంగ్ గోపురం

అతన్ని అక్కడ శ్వాన్‌జాంగ్ అంటారు. మన దేశం నుంచి 645లో తిరిగొచ్చాడు, 657 గ్రంథాలు మోసుకుని. వాటిని నిప్పు నుంచీ కాలం నుంచీ కాపాడటానికి 652లో ఈ గోపురం కట్టించారు. పెద్ద అడవి బాతుల గోపురమని పేరు. ఇటుక కట్టడం, ఏడంతస్తులు, 64 మీటర్లు, కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. దక్షిణపు గుమ్మానికి అటూ ఇటూ గోడలో 653 నాటి రెండు శాసనాలున్నాయి, చక్రవర్తులు తండ్రీకొడుకులు అతని అనువాదాలకి రాసిన ముందుమాటలు. చేతిరాత ఆ కాలపు పేరున్న లేఖకుడు చూ స్వెయిలియాంగ్‌ది. లిపి నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ ఆ అక్షరాలనే దిద్దుతారట.

గుడి ఆవరణలో ఇంగ్లీషు వచ్చిన కాలేజీ కుర్రాడు ఒకడు మాట కలిపాడు. అత్తయ్య ఊరుకుంటారా? "ఈయన మా ఊరొచ్చాడు, మీ పుస్తకంలో ఉందో లేదో చూడు," అని నాచేత అడిగించారు. అతను ఫోన్‌లో యాత్రా గ్రంథం తీసి వెతికాడు. ఆంధ్ర దేశం దొరికింది, దాని తర్వాత ధాన్యకటకం. ఊరికి తూర్పు కొండ మీద పూర్వశిల విహారం, పడమటి కొండ మీద అవరశిల విహారం అని చదివి చెప్పాడు. అప్పటికే అక్కడ ఎక్కువ భాగం పాడుబడి ఉందని కూడా. ఆ ఊళ్లో కొన్నాళ్లుండి అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడని అతని జీవితచరిత్రలో ఉంది. అత్తయ్య మెడ నిటారుగా అయింది. "మరి ఇప్పుడు ఆ ఊరు ఎలా ఉంది?" అని కుర్రాడు అడిగాడు. రాజధాని సంగతి, భూముల సంగతి వాడికి ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? కొత్తగా కడుతున్నారని చెప్పి ఊరుకున్నాను.

రాత్రికి గోపురం ముందు వీధి పెద్ద తిరునాళ్ల. ఈ గోపురం కట్టిన తాంగ్ వంశపు కాలం నాటి భవనాల మాదిరి కొత్త కాంక్రీటు భవనాలు, లక్ష దీపాలు. అద్దె పట్టు దుస్తులు, తలమీద బంగారు పూలు పెట్టుకున్న అమ్మాయిలు, వాళ్ల వెనక లైట్లు మోసుకుంటూ ఫొటోగ్రాఫర్లు. రాణీగారు ఒకావిడ మెట్ల మీద కూర్చుని కప్పు నూడుల్స్ తింటోంది. మా ఆయన, "సినిమా సెట్టింగు. ఇందులో చరిత్రేముంది?" అన్నారు. అత్తయ్య ఆయన వైపు తిరిగి, "మన గుళ్లకి కుంభాభిషేకం చేసినప్పుడు గోపురానికి కొత్త రంగులేయరా? అప్పుడు చరిత్ర పోయిందని నువ్వేమైనా దర్శనం మానేశావా?" అన్నారు. నాకు ఆ వీధి నచ్చలేదు, కానీ ఆవిడ మాటకి నా దగ్గరా జవాబు లేదు.

ఏప్రిల్ 15, లాంగ్‌మెన్ గుహలు

లువోయాంగ్ ఊరికి దక్షిణాన యీ నదికి రెండు పక్కలా సున్నపురాయి కొండలు. ఉత్తర వై వంశం రాజధానిని ఇక్కడికి మార్చిన 493 ప్రాంతం నుంచి చెక్కుతూ పోయారు. కిలోమీటరు పొడవునా 2,345 గుహలూ గూళ్లూ, లక్షకి పైగా బొమ్మలు, వేలెడంతవి మొదలు మేడంతవి దాకా. టికెట్టు 90 యువాన్లు. గేటు నుంచి గుహల దాకా బ్యాటరీ బండికి వేరే డబ్బులు. ఉదయం ఎనిమిదింటికే స్కూలు పిల్లల వరసలు. ఒకే రంగు టోపీలు, ప్రతి పిల్లాడి మెడలో నీళ్ల సీసా.

మొదట వచ్చే బిన్‌యాంగ్ గుహలోనే కాళ్లు ఆగిపోయాయి. గుమ్మానికి రెండు పక్కలా గోడ మీద రాజు ఊరేగింపు, రాణి ఊరేగింపు ఉండాలి. ఉన్నది ఉలి దెబ్బల గరుకు రాయి. 1930ల్లో ముక్కలు ముక్కలుగా కొట్టి తీసి అమ్మేశారు. రాజుగారి పలక న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో, రాణిగారిది కాన్సస్ సిటీలో ఉన్నాయి. మా ఆయన అది చదివి వినిపించగానే అత్తయ్య, "మన స్తూపం రాళ్లు లండన్‌లోనూ మద్రాసులోనూ ఉన్నట్టు," అన్నారు. మద్రాసు మ్యూజియంలో అమరావతి పాలరాళ్లు చూడ్డానికి పెళ్లైన కొత్తలో మామయ్యగారితో వెళ్లారట. సొంత ఊరి బొమ్మలు చూడ్డానికి రైలెక్కి టికెట్టు కొనుక్కోవాల్సి వచ్చిందని ఆ రోజు ఎంత కోపమొచ్చిందో ఇప్పుడు చెప్పారు. ఈ సంగతి మా ఆయనకీ తెలియదు.

అక్కడి నుంచి చూపు మారిపోయింది. అంతకుముందు బొమ్మలు చూశాం, ఇప్పుడు పోయినవి కనిపించడం మొదలైంది. గూడు తర్వాత గూడు, బుద్ధుడి ఒళ్లు ఉంటుంది, మెడ పైన ఏమీ ఉండదు. తలలు నరికి అమ్ముకున్నారు. ఒకచోట తల బాగా గట్టిగా ఉందేమో, సగం కోసి వదిలేశారు. దవడ కింద రంపపు గాడి స్పష్టంగా ఉంది. పదిహేను వేల చిన్న బుద్ధుల్ని గోడలనిండా చెక్కిన 680 నాటి గుహలో మాత్రం, బొమ్మలు చిన్నవి కావడం వల్ల చాలా మిగిలాయి. ఇంకో గుహ గుమ్మం మీద మందుల చీటీలు చెక్కి ఉన్నాయి, నూట నలభై దాకా. దారిన పోయే రోగి చదువుకుని వైద్యం చేసుకుంటాడని. ఈ ఒక్క పుణ్యం కట్టుకున్నవాళ్ల పేరు తెలిస్తే బాగుండనిపించింది.

తర్వాత మెట్లు. ఎండలో నిట్రంగా ఎక్కాలి. పైకి రాగానే కొండని అర్ధచంద్రాకారంగా తొలిచిన పెద్ద ముంగిలి, మధ్యలో 17 మీటర్ల వైరోచన బుద్ధుడు. చెవులే దాదాపు రెండు మీటర్లు. చేతులు పోయాయి, మోకాళ్లు పోయాయి, ముఖం చెక్కుచెదరలేదు. మనం ఎటు నిలబడితే అటు చూస్తున్నట్టే ఉంటుంది. 675లో పూర్తయింది. దీనికి వూ జతియెన్ మహారాణి 672లో తన అలంకరణ ఖర్చుల కింద వచ్చే సొమ్ములోంచి ఇరవై వేల కట్టల నాణేలు ఇచ్చిందని పీఠం మీద శాసనం ఉంది. "పసుపు కుంకాల డబ్బు పెట్టి కట్టించిందన్నమాట," అన్నారు అత్తయ్య. ఆ మహారాణే తర్వాత 690లో తానే చక్రవర్తినని ప్రకటించుకుంది. చైనా చరిత్రలో చక్రవర్తిగా ఏలిన ఆడమనిషి ఆవిడొక్కతే. బుద్ధుడి ముఖం ఆవిడదేనని అక్కడ అందరూ చెప్పుకుంటారు. నిజమో కాదో, ఆ ముఖంలో దయతో పాటు కొంచెం లెక్క కూడా ఉన్నట్టు నాకనిపించింది.

ఈ తలల్లేని బుద్ధులకి ఎవరూ సిమెంటు తలలు పెట్టలేదు. ఊరంతా కొత్త మేడలు లేపినవాళ్లు ఇక్కడ మాత్రం చెయ్యి పెట్టకుండా వదిలేశారు. ఆ మాట నేనంటే మా ఆయన, "ఇదే నేను మొదట్నుంచీ చెప్పేది," అన్నారు.

వంతెన దాటి అవతలి ఒడ్డు నుంచి చూస్తే కొండంతా తేనెపట్టు కన్నాలు. మేం అటు దిగే సరికి అడ్డదారి అనుకున్నది షాంగ్‌షాన్ గుడి మెట్ల మీదకి ఎక్కించింది. తిరిగి దిగి, కవి బాయ్ జుయి సమాధి తోట మీదుగా బండ్ల స్టాండు చేరే సరికి గంటన్నర పట్టింది. అత్తయ్య మోకాళ్లకి రాత్రి జండూబామ్. సమాధి తోటలో మా ముందు ఒక పిల్లాడు, నాన్న అడగ్గానే ఆ కవి పద్యం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. చివర్లో మర్చిపోతే దారినపోయే ముసలాయన అందించాడు.

ఏప్రిల్ 16, తెల్లగుర్రం గుడి

హాన్ వంశపు మింగ్ చక్రవర్తికి బంగారు మనిషి కలలో కనిపిస్తే ఇద్దరు భారతీయ భిక్షువుల్ని తెల్లగుర్రం మీద సూత్రాలతో సహా పిలిపించాడని, వాళ్ల కోసం 68లో గుడి కట్టించాడని కథ. కశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు. గేటు దాటగానే తూర్పున ఒకరి సమాధి, పడమట ఇంకొకరిది, గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బలు. జనం అగరొత్తులు వెలిగించి నాలుగు దిక్కులకీ దణ్ణం పెడుతున్నారు. మేం ఇండియా వాళ్లమని తెలిసి ఒకావిడ తన అగరొత్తుల్లో సగం తీసి అత్తయ్య చేతిలో పెట్టింది.

పక్కనే సాంచీ స్తూపం నమూనాలో భారతీయ బుద్ధాలయం ఉంది, 2010లో మన అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. థాయ్, బర్మా గుళ్లు కూడా ఉన్నాయి. సాంచీ చూసినవాళ్లకి ఇందులో పెద్ద విశేషం లేదు. కాసేపు నిలబడి వచ్చేశాం.

అసలు బాగున్నది తూర్పున ఉన్న చీయున్ గోపురం ఆవరణ. అది సన్యాసినుల మఠం. గోపురం 1175 నాటిది, పదమూడంతస్తులు. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే కప్ప అరుపులా ప్రతిధ్వని వస్తుంది. పిల్లలూ పెద్దలూ అదే పని. అక్కడే మాట్లాడకుండా టీ తాగే గది ఉంది. చెప్పులు సర్ది, వరసగా కూర్చుంటే స్వచ్ఛంద సేవకులు చిన్న కప్పుల్లో పోస్తారు, డబ్బులు లేవు. అత్తయ్య మూడు కప్పుల దాకా నోరు విప్పలేదు, నాలుగోదానికి నా చెవిలో, "చక్కెర అడగొచ్చా?" అన్నారు. సేవకురాలు నవ్వు ఆపుకోలేక తల దించుకుంది.

గుడి దగ్గరి శాకాహార భోజనంలో వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. ఇన్నాళ్లకి అత్తయ్య ఫోన్ చీటీ చూపించకుండా తిన్నారు. పుట్టగొడుగులు, సోయా పనీరు, తామరదుంప, అన్నం.

ఏప్రిల్ 17, వూ జతియెన్ మేడ, పియొనీ పూలు

లువోయాంగ్‌లో ఏప్రిల్ అంటే పియొనీ. వాంగ్‌చెంగ్ పార్కులో పూల కన్నా జనం ఎక్కువ. ఒక్కో పువ్వు భోజనం కంచమంత. ఊరంతా తలలో ప్లాస్టిక్ పియొనీలే. పియొనీ రేకుల బిళ్లలు అమ్ముతుంటే పందికొవ్వు లేదని తేల్చుకుని నాలుగు పెట్టెలు కొన్నాం. రుచికి మామూలు బిస్కెట్టే, పెట్టె అందంగా ఉంది.

మహారాణి 688లో కట్టించిన మింగ్‌టాంగ్ సభామందిరం ఎప్పుడో పోయింది. ఆ చోటే ఈమధ్య కొత్తది లేపారు, మెరిసిపోతూ. మా ఆయన గుమ్మం దగ్గరే ముఖం ముడిచారు. లోపలికెళ్తే నేల మధ్యలో అసలు మందిరం నడిమి స్తంభం నిలిచిన గుంట, తవ్వకాల్లో దొరికింది దొరికినట్టు. పెద్ద రాళ్లు, మట్టి పొరలు. ఆయన చాలాసేపు వంగి చూసి, "ఈ గుంట చాలు కదమ్మా, పైన మేడెందుకు?" అన్నారు. "మేడ లేకపోతే ఈ గుంట చూడ్డానికి ఎవడొస్తాడ్రా?" అన్నారు అత్తయ్య. మా పక్కన అద్దె కిరీటాలతో ముగ్గురు పిల్లలు కూడా ఆ గుంటలోకే తొంగి చూస్తున్నారు.

రాత్రి ఆ ఊరి నీళ్ల విందు. పూర్తిగా చెప్తే 24 రకాలు, వేడి వంటకాలన్నీ పులుసులే, ఒకటి తీసేస్తుంటే ఇంకొకటి వస్తుంది. ఇద్దరికి సరిపడా చిన్న వరస చెప్పాం. ముల్లంగిని దారాల్లా తరిగి, పైన పియొనీ పువ్వు ఆకారం పెట్టిన పుల్లటి మిరియాల పులుసు బాగుంది, మిగతావి నాకు ఒకేలా అనిపించాయి. బిల్లు 168 యువాన్లు. అత్తయ్య పక్కన కూర్చుని కందిపొడి అన్నం తిన్నారు. బయటి తిండి తెచ్చుకున్నామని ఎవరూ ఏమీ అనలేదు, పైగా వెయిటరు అమ్మాయి ఆవిడకి వేడినీళ్లు పోస్తూ డబ్బా మూత తీసి వాసన చూసి తుమ్మింది.

వెళ్లేవాళ్ల కోసం ఒక మాట. అక్కడ నోట్లు చూపిస్తే చిల్లర వెతుక్కుంటారు, అంతా ఫోన్‌తోనే. అలీపే అనే చెల్లింపుల యాప్‌కి మన కార్డు ఇంట్లో ఉండగానే జతచేసుకోండి. గూగుల్ మ్యాప్‌ని నమ్ముకోవద్దు. పాస్‌పోర్టు ఎప్పుడూ చేతిలో ఉండాలి, చాలాచోట్ల అదే టికెట్టు. పెద్దవాళ్లకి కొన్నిచోట్ల వయసు చూసి తగ్గించారు, అడిగితేనే. విమానం, హోటళ్లు కాక తిండికీ టికెట్లకీ ముగ్గురికి రోజుకి ఆరేడు వేల రూపాయలు అయింది, మట్టి సైన్యం రోజు మాత్రం పదకొండు వేలు, మనిషికి 120 యువాన్ల టికెట్టు, ఆపైన ఆ హుషారు డ్రైవరు బాడుగ.